మా ఊరి పాత లెక్కలు, పంచాయతీ చరిత్ర ఎక్కడ దొరుకుతాయి? (మదనపల్లె వైపు పల్లె, ఉండేది బెంగళూరు)

హోసకోటె_బస్సు:

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో కె.ఆర్.పురం పక్కన ఉంటా, సొంతూరు మదనపల్లె నుంచి చింతామణి వచ్చే దోవలో లోపలికి పోతే ఒక చిన్న పల్లె. పేరు పెట్టడం లేదు, ఎందుకంటే ఊర్లో ఇప్పుడు చెరువు విషయంలో కొంచెం గొడవ నడస్తా ఉంది, ఆక్రమణ అని ఒకరు, పట్టా ఉందని ఇంకొకరు.

విషయం ఏందంటే మా నాయన రిటైర్ అయినాక మా దగ్గరే ఉంటాడు, అపార్ట్‌మెంటులో పొద్దుపోక ఊరి చరిత్ర రాస్తానని కూర్చున్నాడు. రాసింది చదివితే నిజంగా బాగుంది, రెడ్డి ఏం చేసేవాడు, కరణం ఏం రాసేవాడు, తలారి, వెట్టి (ఊరి చాకిరీ చేసేవాడు), నీరుగంటి (చెరువు నీళ్లు పారించేవాడు) ఎవరి పని ఏంది, చెరువు నిండితే తూము ఎవరు ఎత్తాలి, నీళ్లు తక్కువున్న యేడాది ఏ మడికి ముందు పారించాలి, మొరవ (చెరువు నిండితే ఎక్కువ నీళ్లు పోయే దారి) దగ్గర రాళ్లు పేర్చి నీళ్లు ఆపితే కింది ఊరోళ్లు ఎట్లా కొట్లాటకు వచ్చేవాళ్లు, అన్నీ ఉన్నాయి. కానీ ఒక్క తేదీ లేదు. ఎప్పుడు నాయనా అంటే "కరువొచ్చిన యేడాది రా" అంటాడు. మా వైపు కరువు రాని యేడాది చెప్పమంటే సులభం కదా.

పోయిన వారం ఊరికి పోయి పంచాయతీ ఆఫీసులో అడిగితే పాతవి ఏమీ లేవు సార్ అన్నారు. కరణం ఇంటివాళ్లు ఎప్పుడో ఊరు విడిచి పోయినారు. ఇంకో తికమక ఏందంటే మా అవ్వ ఎప్పుడూ కడప జిల్లా అనేది, నా టెన్త్ సర్టిఫికెట్‌లో చిత్తూరు జిల్లా, 2022లో అన్నమయ్య జిల్లా అన్నారు. ఊరు ఉన్నచోటే ఉంది, మరి పాత కాగితాలు ఏ జిల్లాలో వెతకాలి? పంచాయతీ రాకముందు ఊరిని నడిపింది ఎవరు, సర్కారు వాళ్లకు ఏ అధికారం ఇచ్చింది, అదెప్పుడు పోయింది, ఇదంతా ఎవరన్నా తెలిసినోళ్లు చెబితే నాయనకు ప్రింట్ తీసి ఇస్తా. ఆయన ఫోన్లో చదవడు.

ఎగ్మోరు_కాగితాలు:

మీ అవ్వగారు చెప్పింది కరెక్టే అండి. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911 దాకా కడప జిల్లాలోనే ఉన్నాయి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పెట్టినప్పుడు ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు వైపు తీసుకొని, కడప నుంచి ఈ రెండు తాలూకాలు తెచ్చి కలిపారు. కాబట్టి 1911కి ముందువి ఏం కావాలన్నా మీరు "కడప" అని వెతకాలి, చిత్తూరు అని వెతికితే జన్మలో దొరకవు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

నేను చెన్నైలో ఉంటాను, పెరంబూరు. మా పూర్వీకుల మాన్యం (ఇనాంగా ఇచ్చిన భూమి) గురించి వెతుకుతూ ఎగ్మోర్ ఆర్కైవ్స్‌కి (ప్రభుత్వ పాత రికార్డుల ఆఫీసు) తిరిగిన అలవాటు ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చాలావరకు అక్కడే, ఆంధ్ర 1953లో విడిపోయినా పాత రికార్డుల్లో పెద్ద భాగం అక్కడే ఉండిపోయింది. ఎర్ర బిల్డింగు, లోపల ఫ్యాను కింద కూర్చుంటే కాగితం పొడి ముక్కులోకి పోతుంది, మాస్కు పెట్టుకుపొండి. మీ ఐడీ, ఎందుకు కావాలో ఒక లెటరు పట్టుకొని, ముందు కనుక్కొని వెళ్తే మంచిది.

మీ ప్రాంతం కథ కొంచెం ముందు నుంచి చెప్తా. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు వదిలేసిన జిల్లాలు ఇవి, దత్త మండలాలు అంటారే అవి. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. ఆయన చేసిన పని ముఖ్యంగా రెండు. పాళెగాళ్లను అణచడం ఒకటి, పొలం పొలానికీ కొలత వేయించి రైతు పేరు మీదే శిస్తు కట్టడం ఇంకొకటి. ఆయన పోయాక పైవాళ్లు ఊరికి ఊరే గుత్తకు ఇచ్చి చూశారు, కుదరలేదు, మళ్లీ రైత్వారీకే వచ్చారు. అంటే మీ ఊర్లో ఎవరి పేరున ఎన్ని చేలు అనేది సర్కారు కాగితం మీదికి గట్టిగా ఎక్కడం అప్పుడు మొదలు.

అంతకు ముందు సంగతి కావాలంటే మెకంజీ కైఫియత్తులు చూడండి. కాలిన్ మెకంజీ అనే సర్వే ఆఫీసరు, కావలి బొర్రయ్య లాంటి మన తెలుగువాళ్లను ఊరూరికీ పంపి కరణాల దగ్గర ఉన్న కవిలెలు (పాత లెక్కల కట్టలు), ఊరి పెద్దలు చెప్పిన మాటలు రాయించుకున్నాడు. ఊరు ఎవరు కట్టారు, గుడి ఎవరిది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ పాళెగాడు ఎవరిని కొట్టాడు, ఇలాంటివి. చెన్నై ప్రాచ్య లిఖిత భాండాగారంలో ఉన్నాయి, కడప జిల్లావి కడప బ్రౌన్ కేంద్రం వాళ్లు అచ్చు వేశారు. మీ చిన్న పల్లె పేరు విడిగా లేకపోయినా పక్కన పెద్ద ఊరి కైఫియత్తులో ఒక లైను తగలొచ్చు. అయితే దాన్ని అక్షరం అక్షరం నమ్మకండి, చెప్పినవాడు తన వంశం గురించి తక్కువ చెప్పుకుంటాడా.

అసలు బంగారం ఇనాం రిజిస్టర్లు. 1858లో ఇనాం కమిషన్ వేసి ప్రెసిడెన్సీ మొత్తం మాన్యాలు తనిఖీ చేశారు. ఒక్కో మాన్యానికి ఒక్కో వరస, ఎన్ని ఎకరాలు, మెట్టా తరీయా, ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, మొదట పుచ్చుకున్నది ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు వాడి వయసెంత, చివర కమిషనర్ తీర్పు. మీ నాయనగారు రాసిన నీరుగంటి, తలారి వీళ్ల మాన్యాలు ఉంటే అందులో పేర్లతో సహా కనపడతాయి. మీ వైపు ఇంకోటి ఎక్కువ, దశబంధం ఇనాం. చెరువు కట్టినవాడికో, తెగితే బాగుచేస్తానని ఒప్పుకున్నవాడికో దాని కింద భూమిలో ఒక వంతు ఇచ్చేవాళ్లు. మీ చెరువుకి దశబంధం ఉంటే దాన్ని ఎవరు తవ్వించారో పేరు దొరికినట్టే, ఇప్పటి గొడవలో కూడా పనికొస్తుందేమో చూడండి.

తేదీలు లేవని బాధపడకండి. గ్రిబుల్ అనే ఆయన రాసిన కడప జిల్లా మాన్యువల్ 1875ది, స్కాన్ చేసింది నెట్‌లో ఉంది, మదనపల్లె తాలూకా అందులోనే ఉంటుంది. కరువుల సంవత్సరాలు దాంట్లో చూసి నాయనగారి "కరువొచ్చిన యేడాది"తో సరిపోల్చుకోండి. 1876-78 ధాత కరువు మాత్రం దాని తర్వాతది, అది కావాలంటే వేరే చూడాలి.

తొండమండలం:

చెన్నై నుంచి అంటే ఉత్తరమేరూరు చెప్పకుండా ఎలా బ్రో. కాంచీపురం దగ్గర, పరాంతక చోళుడి శాసనాలు, 919, 921. ఊరిని 30 వార్డులు చేసి, పేర్లు తాటాకు మీద రాసి కుండలో వేసి చిన్న పిల్లాడి చేత తీయించేవాళ్లు. చెరువు కమిటీ వేరు, తోట కమిటీ వేరు, బంగారం చూసేవాళ్లు వేరు. లెక్క చెప్పనివాడు మళ్లీ నిలబడకూడదు, వాడి చుట్టాలు కూడా. వెయ్యి ఏళ్ల కిందటే మనకు డెమోక్రసీ ఉంది. ఇప్పటి సర్పంచులకు ఆ రూలు పెడితే దేశంలో పంచాయతీలు ఖాళీ.

జమాబందీ_తాత:

ఒరే అబ్బాయి, ప్రశ్న బాగా అడిగినావు. నేను చిత్తూరు జిల్లాలోనే రెవెన్యూలో పనిచేసి రిటైర్ అయి ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో కొడుకు దగ్గర ఉన్నా, మీ నాయనలాగే పొద్దుపోదు. కాస్త పెద్దగానే రాస్తా.

ముందు ఒకటి మనసులో పెట్టుకో. ఊరికి రెండు గీతలు ఉన్నాయి, ఒకటి రెవెన్యూ గీత, ఒకటి పంచాయతీ గీత. జనం రెండింటినీ కలిపేసి పంచాయతీ ఆఫీసుకు పోయి పాత భూమి లెక్క అడుగుతారు, వాళ్ల దగ్గర ఎందుకుంటుంది. లేవు అన్నాడంటే అబద్ధం చెప్పినట్టు కాదు, ఆయన దగ్గర ఎప్పుడూ లేవు.

రెవెన్యూ గీత పాతది. రెడ్డిని మద్రాసు సర్కారు 1816 రెగ్యులేషన్‌తో గ్రామ మునసబు చేసింది. శిస్తు వసూలు ఆయనదే, పది రూపాయల లోపు తగాదా తీర్పు కూడా ఆయనదే. కరణం లెక్క రాసేవాడు. 1895లో చట్టం చేసి ఈ ఉద్యోగాలు వంశపారంపర్యం అని గట్టి చేశారు, తండ్రి పోతే కొడుకు, కొడుకు మైనర్ అయితే వాడి తరఫున ఇంకొకడు. స్వతంత్రం వచ్చినా అట్లే నడిచింది. తెనాలి తాలూకాలో ఒక మునసబు ఉద్యోగం తగాదా సుప్రీంకోర్టు దాకా పోతే, వంశం చూసి ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధం అని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. కాగితం మీద వంశం పోయింది, ఊర్లో మాత్రం ఆ ఇంటివాళ్లే కూర్చున్నారు, ఎందుకంటే ఆ లెక్క చదవడం ఇంకెవరికీ రాదు.

కరణం లెక్క అంటే ఏందో మీ పిల్లలకు తెలీదు. అడంగల్ అని ఉంటుంది, నంబరు రెండు అనేవాళ్లం. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, ఏ పంట, ఏ నీళ్లు, పైరు ఎట్లుంది. ప్రతి ఫసలీకి కొత్తది, ఫసలీ జూలై ఒకటో తేదీ మొదలు. కరణం పొలం గట్టు మీద నడిచి అజమాయిషీ చేసి రాయాలి, కొందరు ఇంట్లో అరుగు మీద కూర్చొని పోయినేటి పంటనే మళ్లీ ఎక్కించేవాళ్లు, అది వేరే సంగతి. జమాబందీ రోజు, అంటే ఏటా ఊరి లెక్కల తనిఖీ రోజు, చూడాలి నువ్వు, తాలూకా ఆఫీసులో చెట్టు కింద కరణాలందరూ ఎర్రగుడ్డ మూటలు ఒళ్లో పెట్టుకొని, పిలిచేలోపు కూడికలు సరిచూసుకుంటా వరసగా కూర్చునేవాళ్లు. నేను చేరిన కొత్తలో ఒక పెద్ద కరణం నా అంకె తప్పు అని నోటి లెక్కలో తేల్చి చెప్పినాడు, ఆయనదే సరి.

1984 జనవరి 6న ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు ఉద్యోగాలు మొత్తం తీసేసింది. కోర్టుకు పోయినారు, సుప్రీంకోర్టు ఆర్డినెన్సు చెల్లుతుందని 1985లో చెప్పింది. లెక్కలన్నీ అప్పజెప్పండి అన్నారు. కొందరు రసీదు తీసుకొని పద్ధతిగా ఇచ్చినారు, కొందరు చెదలు పట్టాయి అన్నారు, కొన్ని మూటలు అటకల మీదే ఉండిపోయినాయి. మీ ఊరి కరణం ఇంటివాళ్లు ఎక్కడున్నారో కనుక్కొని, మనవళ్లను మర్యాదగా అడుగు. ఇవ్వమని అడగొద్దు, ఫోటో తీసుకుంటాం అని అడుగు. ఇవ్వమంటే భయపడతారు, ఏ కేసు మెడకు చుట్టుకుంటుందో అని.

అప్పటి నుంచి ఆ కుర్చీలో కూర్చున్నవాడి పేరు మారతానే ఉంది, గ్రామ సహాయకుడు అన్నారు, వీఏఓ అన్నారు, వీఆర్ఓ అన్నారు, 2019 అక్టోబరులో సచివాలయం అన్నారు. తెలంగాణలో అయితే 2020లో వీఆర్ఓలనే తీసేసినారు.

నీకు కావాల్సింది తాసిల్దారు ఆఫీసులో డైగ్లాట్. రీసెటిల్‌మెంటు రిజిస్టర్, ఇంగ్లీషు తెలుగు రెండింటిలో అచ్చు వేసి ఉంటుంది గనుక ఆ పేరు. సర్వే నంబరు ఎదురుగా చెరువు, కట్ట, వాగు, శ్మశానం, పోరంబోకు అన్నీ ఉంటాయి. దాంతోపాటు ఎఫ్ఎంబీ పటం, అంటే ఒక్కో సర్వే నంబరుకు కొలతలతో గీసిన పటం. చెరువు గొడవకు ఇంకొక మందు ఉంది, చిన్ననీటి పారుదల ఆఫీసులో టాంక్ మెమోయిర్ అడుగు. 1883 నుంచి మద్రాసు వాళ్లు చెరువుల మరమ్మతు స్కీము పెట్టి ఒక్కో చెరువుకు కట్ట ఎత్తు, తూము మట్టం, మొరవ పొడవు, నీళ్లు ఎంతవరకు నిలుస్తాయి, ఆయకట్టు ఎంత అని కొలిచి రాసి పెట్టినారు. ఆయకట్టు 100 ఎకరాల లోపు చెరువులు ఒకప్పుడు పంచాయతీరాజ్ ఇంజినీర్ల కింద ఉండేవి, అక్కడ కూడా అడగాల. నీళ్లు నిలిచే గీత లోపల పట్టా ఉందని ఎవడన్నా అంటే ఆ పట్టా ఎప్పుడు పుట్టిందో చూడు, అంతే.

ఇంక పంచాయతీ గీత. 1884 చట్టంలో యూనియన్లు అని కాస్త పెద్ద ఊర్లకు పెట్టినారు. 1920లో మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం, మళ్లీ 1950లో ఇంకొకటి, మన చిన్న ఊర్లలో పంచాయతీ అని నిజంగా బోర్డు పడింది ఎక్కువగా ఈ 1950 తర్వాతే. 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ వచ్చి పంచాయతీ సమితులు ప్రారంభించినాడు, రాజస్థాన్ తర్వాత మనదే. 1964లో ఆంధ్రప్రదేశ్ చట్టం. 1985లో తాలూకాలు పోయి మండలాలు, 1986 చట్టంతో సమితి బదులు మండల పరిషత్తు. పంచాయతీల కోసం రాజ్యాంగానికి చేసిన 73వ సవరణ తర్వాత 1994 చట్టం, దాని కింద 1995లో ఎన్నికలు. మీ ఊరి మొదటి సర్పంచి ఎవరో తెలియాలంటే పంచాయతీలో తీర్మానాల పుస్తకం అడుగు. భూమి లెక్క కాదు, తీర్మానాల పుస్తకం అని ఆ పేరుతోనే అడుగు.

వాడ_నుంచి:

తాతగారు చెప్పినవన్నీ నిజమే, చాలా నేర్చుకున్నా కూడా. కానీ మీ నాయన రాస్తున్న పుస్తకంలో వెట్టి గురించి ఎన్ని లైన్లు ఉన్నాయి అన్నా? కోపంగా అడగడం లేదు, అడగాలనిపించింది.

నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటా, మాదీ మీ వైపే. మా ముత్తాత వెట్టి. ఊర్లో ఏ ఆఫీసరు వచ్చినా ముందు పరిగెత్తాల్సింది ఆయన, టముకు వేయాల, శిస్తు డబ్బు మోసుకొని కరణంతో తాలూకాకు నడవాల, గొడ్డు చస్తే తీయాల. జీతం అంటే కళ్లంలో మేర (పంటలో ఇచ్చే వంతు), దానికి తోడు ఒక చిన్న మాన్యం చెక్క, అదీ రాళ్ల నేల. రచ్చబండ మీద పంచాయితీ జరుగుతుంటే ఆయన నిలబడేది ఎక్కడో నాకు మా అవ్వ చూపించింది, ఆ వేపచెట్టుకు ఇవతల, పిలిస్తే వినపడేంత దూరం. తీర్పు ఆయన గురించే అయినా అక్కడే.

కాబట్టి డైగ్లాట్ తీసినప్పుడు చెరువు ఒక్కటే చూడకండి. వెట్టి మాన్యం, తోటి మాన్యం, తలారి మాన్యం అని ఏ సర్వే నంబర్లకు రాసి ఉందో చూడండి, ఆ నంబరు ఇప్పుడు ఎవరి పేరున ఉందో 1బిలో (ఇప్పటి భూమి హక్కుల రికార్డు) చూడండి. ఊరి చరిత్రలో అది రాయకపోతే సగమే రాసినట్టు. పటంలో ఊరు గ్రామకంఠం (ఇళ్లు ఉండే స్థలం) అని గీత గీసి ఉంటుంది, మా వాడ ఆ గీత లోపల ఉందో బయట ఉందో కూడా చూడండి.

ఉత్తరమేరూరు బ్రోకి ఒక మాట. అదే శాసనం ఇంకొంచెం చదవండి. కుండలో పేరు వేయాలంటే పన్ను కట్టే భూమి కాల్ వేలి (వేలి అనే పాత కొలతలో పావు) ఉండాలి, సొంత స్థలంలో ఇల్లు ఉండాలి, వయసు 35కి పైన 70కి లోపు, వేదం తెలిసుండాలి. అది బ్రాహ్మణ అగ్రహారం సభ. పద్ధతి గొప్పదే, లెక్క చెప్పనివాడిని తీసేయడం ఇంకా గొప్పది, కానీ మా వాళ్ల తాటాకు ఆ కుండలో లేదు, ఆడవాళ్లదీ లేదు. ఇంకా దగ్గరికి రండి, 1997లో మీ తమిళనాడులోనే మేలవళవులో దళిత పంచాయతీ ప్రెసిడెంటును, ఆయనతో ఉన్నవాళ్లను చంపేశారు, ఆ కుర్చీ రిజర్వ్ అయినందుకు. పాప్పాపట్టి, కీరిపట్టిలో 2006 దాకా సరిగ్గా ఎన్నికే జరగనివ్వలేదు.

పాత పద్ధతి బాగుండేదని ఎవరన్నా అంటే, ఎవరికి అని ఒకసారి అడగండి. మా ఊర్లో మొదటిసారి మా వాడ మనిషి ఒకామె సర్పంచి అయింది రిజర్వేషన్ వల్లే. సంతకం ఆమెది, పెత్తనం ఇంకొకరిది కొన్నాళ్లు. తర్వాత ఆమే నేర్చుకుంది, సెక్రటరీ తెచ్చిన చెక్కు మీద అంకెలు వేయకుండా సంతకం పెట్టనని కూర్చుంది. వాడకు నీళ్ల పైపు అప్పుడే వచ్చింది.

తొండమండలం:

ఓకే, ఆ అర్హతల లైన్లు నేను స్కూల్ ట్రిప్‌లో గైడ్ దగ్గర వినలేదు. పాయింట్ ఉంది. కానీ లెక్కలు చెప్పనివాడి చుట్టాలకు కూడా ఛాన్సు లేదనేది మాత్రం ఇప్పుడు పెట్టాల్సిందే, దాని మీద నేను తగ్గను.

హోసకోటె_బస్సు:

@వాడ_నుంచి అన్నా, నాయనను అడిగినా. వెట్టి గురించి ఒక పేరాగ్రాఫ్ ఉంది, అందులో పేరు లేదు. రెడ్డి, కరణం పేర్లు మూడు తరాలవి ఉన్నాయి. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "వాళ్ల మనవడు చిక్కబళ్లాపురంలో టైల్స్ పని చేస్తాడు, నంబరు కనుక్కో" అన్నాడు. కనుక్కుంటా ఉన్నా.

@జమాబందీ_తాత సార్, మీరు రాసింది ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. జమాబందీ చెట్టు చింతచెట్టేనా అని అడగమన్నాడు :) ఇంకో డౌటు. మా ఊరికి అయిదు కిలోమీటర్లలో కర్ణాటక బోర్డర్, అవతలి ఊర్లోనూ తెలుగే, మా అత్తమ్మ వాళ్లది అక్కడే. వాళ్లకు కూడా రెడ్డి, కరణం ఉన్నారు కదా, మరి వాళ్లది ఎందుకు వేరేగా నడుస్తుంది, అక్కడ సర్పంచి అనే మాటే వినపడదు.

శ్రీనివాసపురం_మావిడి:

నేను చెప్తా, మాది ఆ అవతలే. ఇంట్లో తెలుగు, స్కూల్లో కన్నడ, పెళ్లి పత్రిక రెండింట్లో. మీది మద్రాసు సర్కారు, మాది మైసూరు రాజులది, అక్కడే దారులు వేరైపోయాయి. మా వైపు కరణాన్ని శానుభోగులు అనేవాళ్లు, రెడ్డిని పటేలు. నీరుగంటి మాత్రం మాకూ నీరుగంటే, కోలారు జిల్లా అంటేనే చెరువులు, ఆయన లేకపోతే ఊరు లేదు. మా పెదనాన్న చిన్నప్పుడు చూసిన నీరుగంటి తూము మీద కూర్చొని కాలితో నీళ్ల జోరు చూసి చెప్పేవాడంట, ఇంక ఎన్ని దినాలు పారుతుందో.

శానుభోగులు, పటేళ్లు మీకంటే ముందే పోయారు. 1961లో చట్టం చేసి 1963 ఫిబ్రవరి నుంచి వంశం ఉద్యోగాలు తీసేశారు, గ్రామ లెక్కిగుడు అని జీతం మనిషి వచ్చాడు. తమిళనాడులో ఎంజీఆర్ 1980లో, మీ ఎన్టీఆర్ 1984లో. ముగ్గురూ అదే పని చేశారు, ఇరవై ఏళ్ల తేడాతో.

పంచాయతీ అయితే మైసూరులో 1926 చట్టం ఉంది, కానీ మావాళ్లు గొప్పగా చెప్పుకునేది 1987. అబ్దుల్ నజీర్ సాబ్ మంత్రిగా ఉన్నప్పుడు 1983లో చేసిన చట్టం కింద మండల్ పంచాయతీలు, జిల్లా పరిషత్తులు పెట్టి డబ్బు, అధికారం నిజంగా కిందికి ఇచ్చారు, బోర్లు వేయించినందుకు ఆయన్ని నీర్ సాబ్ అనేవాళ్లు. 73వ సవరణ రాకముందు సంగతి ఇది. తర్వాత 1993 చట్టం.

మాకు సర్పంచి లేడు, అధ్యక్షుడు. మీ దగ్గర ఊరు మొత్తం ఓటేసి సర్పంచిని ఎన్నుకుంటుంది, మా దగ్గర మెంబర్లను ఎన్నుకుంటాం, వాళ్లలో వాళ్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. 400 జనాభాకు ఒక మెంబరు లెక్క, ఒక్క పంచాయతీ కింద నాలుగైదు పల్లెలు ఉంటాయి. అధ్యక్ష ఎన్నిక ముందు మెంబర్లను బస్సెక్కించి రిసార్టుకు తీసుకుపోవడం మా దగ్గర కూడా వచ్చేసింది, ఎమ్మెల్యేలను చూసి నేర్చుకున్నారు. పంచాయతీలో అసలు బరువు పీడీఓది (పంచాయతీ డెవలప్‌మెంట్ ఆఫీసరు), అన్ని కాగితాలూ ఆయన చేతిలోనే తిరుగుతాయి.

బెంగళూరు పక్కన అయితే ఇంకో కథ. 2007లో 110 పల్లెలను సిటీలో కలిపేశారు. ఇప్పుడు మీరు కిరాయికి ఉంటున్న మహదేవపుర, కె.ఆర్.పురం వైపు ఎన్నో లేఅవుట్లు ఒకప్పుడు గ్రామ పంచాయతీ ఖాతాలు. ఆ పాత పంచాయతీ కాగితాలు ఎక్కడున్నాయి అని బి ఖాతా (సరైన అనుమతులు లేని ఆస్తులకు ఇచ్చే ఖాతా) ఉన్నవాళ్లను అడగండి, మీ కరణం మూటల కథే ఇక్కడా.

మీ అత్తమ్మ గారి ఊరికి చరిత్ర కావాలంటే ఒక సుఖం ఉంది, రైస్ దొర మైసూరు రాజ్యం శాసనాలన్నీ జిల్లాల వారీగా అచ్చు వేయించాడు, కోలారుది పదో సంపుటం, 1905. తాలూకా, ఊరు పేరు చూసి తిప్పేయొచ్చు. అందులో తెలుగు శాసనాలు కూడా ఉన్నాయి. మీ వైపుకు అంత సులభం కాదు, కానీ చెరువు శాసనం అంటే ఎలా ఉంటుందో తెలియాలంటే పోరుమామిళ్లది చదివించండి నాయనగారి చేత. 1369, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్లు పని అని రాసి, మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడనివి ఆరు అని లెక్కపెట్టి చెప్పారు.

జమాబందీ_తాత:

చింతచెట్టే, ఆయనకు ఎట్లా తెలుసో అడుగు.

ఇంకొకటి రాయడం మరిచినా. జనన మరణ రిజిస్టర్లు ముందు మునసబు దగ్గరే ఉండేవి, పంచాయతీకి తర్వాత వచ్చినాయి. వెట్టి తాత పేరు, పోయిన తేదీ అందులో దొరికే అవకాశం ఉంది. తాసిల్దారు ఆఫీసు రికార్డు రూములో అడగండి.

నోటితో అడిగితే రేపు రా అంటారు. సమాచార హక్కు కింద రాసి ఇవ్వు. ఆంధ్రలో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, పైన 10. తీర్మానాల పుస్తకానికి పంచాయతీకి ఒకటి, డైగ్లాట్‌కు, వెట్టి మాన్యం సర్వే నంబర్లకు తాసిల్దారుకు ఒకటి, మెమోయిర్‌కు ఇంజినీరుకు ఒకటి, మూడూ విడివిడిగా రాయి, ఒకే కాగితంలో కుక్కితే ముగ్గురూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. కాపీ ఇమ్మనడంతోపాటు "రికార్డు స్వయంగా పరిశీలించుటకు అనుమతి" అని ఒక లైను చేర్చు. రసీదు తీసుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలొద్దు.